క్లిప్ పోర్ట్‌లోనే రాలిపోతోంది. డక్ట్ లావుగా ఉంటే దేనితో కడతారు? (చర్చ)

స్క్రబ్‌టేబుల్:
ల్యాప్ కోలీ (కెమెరాతో పిత్తాశయం తీసే ఆపరేషన్), 10 మి.మీ. రీయూజబుల్ అప్లయర్ (క్లిప్ పట్టి మూసే పరికరం), ఎల్‌టీ300 టైటానియం క్లిప్పులు. మూడు సంగతులు తేల్చండి. ఒకటి, కాట్రిడ్జ్‌లోంచి బాగానే ఎక్కిన క్లిప్ పోర్ట్ (పొట్టలోకి పరికరాలు దింపే గొట్టం) దాటేలోపే రాలిపోతోంది. రెండు, సిస్టిక్ డక్ట్ (పిత్తాశయం నుంచి పైత్యం వచ్చే గొట్టం) లావుగా ఉంటే క్లిప్ కొసలు అవతలి అంచు దాటవు, అప్పుడు ఏం వాడతారు? మూడు, 5 మి.మీ. డిస్పోజబుల్ మల్టీఫైర్ అప్లయర్ పెట్టిన డబ్బుకు తగ్గ పని చేస్తుందా?

ఆటోక్లేవ్_121:
రాలడానికి ముప్పావు వంతు కారణం చెయ్యే. కాట్రిడ్జ్ మీదికి అప్లయర్ నిటారుగా దిగాలి. ఏటవాలుగా గుచ్చితే ఒక కాలే గాడిలో కూర్చుంటుంది. ఎక్కాక హ్యాండిల్ మీద వేళ్ల బరువు పడకూడదు. టైటానియం ఒకసారి వంగితే వంగినట్టే ఉంటుంది. చెయ్యి వదలగానే జాస్ (అప్లయర్ దవడలు) తెరుచుకుంటాయి, క్లిప్ మాత్రం ఇరుకుగానే ఉండి గాడి వదిలేస్తుంది. ఇక పోర్ట్ వాల్వ్. మెటల్ ట్రోకార్ (పోర్ట్ గొట్టం) అయితే క్లిప్ దిగేటప్పుడు ఫ్లాప్‌ను చేత్తో తెరిచి పట్టుకోండి.

ఇవన్నీ సరిగ్గా చేసినా రాలుతుంటే ఖాళీ జాస్ మూసి లైటుకు ఎదురుగా చూడండి. కొసలు రెండూ ఒకేసారి, ఎదురెదురుగా కలవాలి. ఒకదాని పక్కనుంచి ఒకటి జారితే ఆ అప్లయర్‌ను వెంటనే పక్కన పెట్టేయండి. అది క్లిప్‌ను కత్తెరలా మూస్తుంది, ఆర్టరీ (రక్తనాళం) తెగుతుంది.

సగంచుట్టు:
రెండో ప్రశ్నకు లెక్క ఉంది, ఎవరూ వేయరు. గొట్టాన్ని చదును చేస్తే దాని వెడల్పు వ్యాసమంత ఉండదు, చుట్టుకొలతలో సగం అవుతుంది. అంటే 4 మి.మీ. డక్ట్ 6.3 మి.మీ., 6 మి.మీ. డక్ట్ 9.4 మి.మీ. అవుతుంది. కంటికి "ఆరే కదా" అనిపించిన డక్ట్ మీద క్లిప్ చాలకపోవడం అందుకే. కొసలు దాటకపోతే రెండో క్లిప్‌ను దాని మీదే ఎక్కించకండి. లోహం మీద లోహం పడి మధ్యలో సందు మిగులుతుంది, పైత్యం అక్కడినుంచే కారుతుంది. ఎండోలూప్ వేసేయండి, పని అయిపోతుంది.

మూడుచుట్లు:
"వేసేయండి" అనడం తేలిక. ఎండోలూప్ ముందే కట్టి ఉన్న ఉచ్చు. తెగని డక్ట్ చుట్టూ అది ఎలా వెళ్తుంది సార్? ముందు డక్ట్ కోయాలి, గ్రాస్పర్‌ను (పట్టుకునే పరికరం) లూప్‌లోంచి పోనిచ్చి స్టంప్ (కోశాక మిగిలిన మొదలు) పట్టుకోవాలి, అప్పుడు బిగించాలి. ఈలోగా స్టంప్ జారి లోపలికి వెళ్లిపోతే?

లావు డక్ట్‌కు తెగకముందే కట్టే రోడర్ ముడి (బయట కట్టి లోపలికి జార్చేది) నయం. 2-0 విక్రిల్ (అల్లిక సింథటిక్) దారం 75 నుంచి 90 సెం.మీ. తీసుకోండి. రెడ్యూసర్‌లోంచి (పోర్ట్‌ను ఇరుకు చేసే సన్న గొట్టం) దింపండి, లేకపోతే వాల్వ్‌లో ఇరుక్కుంటుంది. మేరీల్యాండ్‌తో (వంపు కొసల పరికరం) డక్ట్ వెనకనుంచి తిప్పి, కొసను అదే పోర్ట్‌లోంచి బయటికి లాగండి. గ్యాస్ పోకుండా అసిస్టెంట్ వేలు అడ్డం పెట్టాలి. బయట ఒక సగం ముడి, రెండు దారాల చుట్టూ మూడు చుట్లు, మళ్లీ ఒక సగం ముడి. తోక కత్తిరించి, పొడుగు దారం బిగువుగా పట్టి, నాట్ పుషర్‌తో కిందికి తోయాలి. దారం తిప్పి లాగేటప్పుడు అది డక్ట్‌ను రంపంలా కోస్తుంది. ఆ వంపులో గ్రాస్పర్ ఆనించి ఉంచాలి. ముడి జారిందని వాపోయేవాళ్ల కంటే ఇక్కడ డక్ట్ చీల్చుకున్నవాళ్లే ఎక్కువ.

సగంచుట్టు:
1-3-1 (సగం ముడి, మూడు చుట్లు, సగం ముడి) విక్రిల్‌తోనా? ఆ ముడి క్రోమిక్ క్యాట్‌గట్‌కు (జంతువుల పేగు దారం) సరిపడేది. కీల్‌లో కుర్ట్ సెమ్ 1980లో లాపరోస్కోపీతో అపెండిక్స్ తీసిన కాలంలో వాడిన సరుకు. క్యాట్‌గట్ తడికి ఉబ్బి తనను తానే బిగించుకుంటుంది. సింథటిక్ దారం ఉబ్బదు, వెనక్కి జారుతుంది. పీడీఎస్ దారానికైతే 2-3-2 కట్టాలి. ఇది చెప్పకుండా "రోడర్ నయం" అంటే జూనియర్లు దెబ్బతింటారు.

మూడుచుట్లు:
అల్లిక దారానికి రాపిడి ఎక్కువ, పీడీఎస్ నున్నని ఒంటిపోగు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి. విక్రిల్‌కు చివర ఇంకో సగం ముడి కలిపితే సరిపోతుంది. క్యాట్‌గట్ గురించి మీరన్నది నిజమే, కానీ దాన్ని తడవకముందే కట్టాలి. తడిపి కడితే ముడి దారిలోనే ఆగిపోతుంది. ఇది మీరూ చెప్పలేదు.

సగంచుట్టు:
చెప్పలేదు, ఒప్పుకుంటాను. ఆ ఇంకో సగం ముడి మాట మీ మొదటి పోస్టులో ఉండాల్సింది. చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

పాలిమర్:
ఇంత గొడవ దేనికి? హెమోలాక్ (లాక్ పడే ప్లాస్టిక్ క్లిప్) ఉందిగా. ఎంఎల్ ఆకుపచ్చది 3–10 మి.మీ., ఎల్ ఊదాది 5–13, ఎక్స్‌ఎల్ బంగారు రంగుది 7–16. కొక్కెం అవతల బయటికి కనపడ్డాకే లాక్ చేయాలి. వెనక పొర మిగిలితే లాక్ పడదు. పోర్ట్‌లోంచి దింపేటప్పుడు జాస్ పట్టేంత వరకే నొక్కాలి, లాక్ పడనివ్వకూడదు. కిడ్నీ ఆర్టరీకే ఆగేది డక్ట్‌కు ఆగదా?

గ్రాఫ్ట్‌సైడ్:
ఈ చివరి వాక్యం చూసి ఊరుకోలేను. నా పనే ట్రాన్స్‌ప్లాంట్. లివింగ్ డోనర్ నెఫ్రెక్టమీలో (బతికున్న దాత కిడ్నీ తీసే ఆపరేషన్) రీనల్ (కిడ్నీ) ఆర్టరీకి హెమోలాక్ వాడకూడదని తయారీదారే 2006లో చెప్పాడు, 2011లో అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, పరికరాల నియంత్రణ సంస్థ) మళ్లీ హెచ్చరించింది. కారణం తెలుసుకోండి. క్లిప్ దాటాక 2–3 మి.మీ. నాళం మిగిల్చి కోయాలి. డోనర్‌లో ఆ పొడుగంతా గ్రాఫ్ట్‌కు (మార్చే కిడ్నీకి) కావాలి కాబట్టి క్లిప్ అంచునే కోసేస్తారు, అది జారుతుంది. అక్కడ గోడను గుచ్చి పట్టే వాస్కులర్ స్టేప్లర్ కావాలి. ఆ స్టేప్లర్ దవడలోకి పాత క్లిప్ ఒక్కటి పడినా ఫైర్ తప్పుతుంది. ముందు క్లిప్పులు ఎక్కడున్నాయో చూసుకోండి.

పాలిమర్:
డోనర్ అని నేనెక్కడ అన్నాను? జబ్బు కిడ్నీ తీసేటప్పుడు ఆ మిగులు ఉంచే కోస్తాం.

గ్రాఫ్ట్‌సైడ్:
"కిడ్నీ ఆర్టరీ" అని ఊరికే రాస్తే చదివేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఇలాంటి చోట సగం మాట ప్రమాదం.

నీలిపెడల్:
7 మి.మీ. వరకు నాళాలను కరెంటుతో సీల్ చేసే బైపోలార్ ఉండగా సిస్టిక్ ఆర్టరీకి (పిత్తాశయానికి వెళ్లే రక్తనాళం) క్లిప్ ఎందుకు? నాళాన్ని లాగి పట్టకుండా వదులుగా ఉంచి, జాస్ మసి తుడిచి వాడితే చాలు.

ఆటోక్లేవ్_121:
ఆర్టరీకి సరే. డక్ట్‌కు ఎవరైనా ఈ మాట పట్టుకుని వెళ్తారేమో, అది నాళాల కోసం చేసిన పరికరం. ఇంకొకటి, క్లిప్ పక్కన మోనోపోలార్ హుక్ (కరెంటుతో కోసే కొక్కెం) పెట్టకండి. కరెంటు లోహంలోకి దూకి స్టంప్‌ను కాలుస్తుంది, లీకు రోజుల తర్వాత బయటపడుతుంది. క్లిప్పుల మధ్య కత్తెరే వాడాలి.

స్క్రబ్‌టేబుల్:
మొదటిది తీరింది, మా దగ్గర జాస్ పక్కకు జారుతున్నాయి. మరి 5 మి.మీ. మల్టీఫైర్ సంగతి?

మూడుచుట్లు:
క్లిప్ దానంతటదే ఎక్కుతుంది కాబట్టి పోర్ట్‌లో రాలే బాధ లేదు. ట్రిగ్గర్ మొదలుపెడితే చివరిదాకా నొక్కాలి, సగంలో వదిలితే క్లిప్ వంకరగా కూర్చుంటుంది. ప్రతిసారీ జాస్‌లో క్లిప్ కనపడిందా అని స్క్రీన్ మీద చూశాకే ఆర్టరీ మీద పెట్టాలి. అయిపోతే ఆగిపోయే లాక్ అన్ని మోడళ్లలో లేదు. ఖాళీ జాస్ మూస్తే ఆర్టరీ చిట్లుతుంది. లావు డక్ట్‌కు మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఆటోక్లేవ్_121:
ఆ వంకర అప్లయర్‌ను స్టోర్‌కు పంపే ముందు హ్యాండిల్‌కు టేపు చుట్టి "జాస్ వంకర" అని రాయండి. రాయకపోతే కడిగి, ప్యాక్ చేసి మళ్లీ మీ టేబుల్ మీదికే పంపిస్తారు.