పాత మాస్సీ ట్రాక్టరుతో దమ్ము చేయవచ్చా?

అంబత్తూరు అన్న:
నెల్లూరు జిల్లాలోని మా ఊళ్ళో నాన్నగారి పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ఉంది. 1960లో ఈ మద్రాసులోనే మొదలైన టాఫే కంపెనీ వారి బండి. ఇంజను బాగుంది. ఈసారి దానికి కేజ్‌వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) బిగించి మూడెకరాలూ దమ్ము చేస్తానంటున్నాడు తమ్ముడు, అంటే వరి నాట్లకు ముందు నీళ్ళు పెట్టి బురదగా దున్నుతానని. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

పెన్నాగట్టు:
తమ్ముడి మాటే సరి. వెనక టైర్లు రెండూ తీసేసి పూర్తి ఇనుప చక్రాలు వేయండి. టైరు పక్కన బిగించే సగం చక్రాలు దండగ. మధ్యలో బురద ముద్దకట్టి పట్టు పోతుంది.

కొరటూరు:
పూర్తి చక్రాలతో పొలానికి చేరేదెలా? తారురోడ్డు మీద అవి నడపకూడదు. సగం చక్రాలైతే గట్టు దగ్గరే బిగించుకోవచ్చు.

పెన్నాగట్టు:
రోడ్డు గొడవ ఎందుకండీ? బురద గురించి మాట్లాడండి. మా నల్లరేగడిలో సగం చక్రాలతో 35 హెచ్‌పీ బండి గంటసేపు కూడా నిలవలేదు. ఆ ఏడు నాట్లు పది రోజులు వెనకబడ్డాయి.

వేళచ్చేరి:
బ్రేకుల మాట ఎవరూ ఎత్తరేమి? పాత బండ్లలో అవి ఆయిల్‌లో మునిగి ఉండవు. బురదనీరు దిగితే పట్టవు. ముందు ఇరుసు సీళ్ళు మార్పించండి.

కొరటూరు:
పెన్నాగట్టు గారూ, ఇలా పట్టుబట్టేవాళ్ళ మాట వినే మా బావ పోయాడు. పూర్తి చక్రాల బండి దిగబడితే చక్రానికి దుంగ కట్టి ముందుకు పోనిమ్మన్నారు. చక్రం కదల్లేదు. ముందు చక్రాలు గాల్లోకి లేచి బండి వెనక్కి తిరగబడింది. స్టీరింగు కింద నుంచి తీసేసరికి ముక్కు నిండా బురద.

పెన్నాగట్టు:
ఈ సంగతి నాకు తెలియదు, క్షమించండి. కానీ తప్పు దుంగ కట్టడంలో ఉంది. దిగబడితే ఇంజను ఆపి, ఇంకో ట్రాక్టరుతో వెనక్కి లాగించాలి.

కొరటూరు:
తప్పు దేనిదైనా సీట్లో ఉన్నది ఆయన. అన్నగారూ, మీ బండి నడిపేదెవరు?

అంబత్తూరు అన్న:
తమ్ముడే. ఇన్ని రోజులూ నేను ఆలోచించింది బండి గురించే, వాడి గురించి కాదు. ఆ సీటు మీద నాన్నగారు కట్టిన గోనెపట్టా ఇంకా ఉంది, బురదలో అది పాడైపోతుందనే నా బాధ. కిరాయి ట్రాక్టరు పెట్టుకోవడానికి వాడి దగ్గర డబ్బు లేదు. నన్ను అడగలేకే చక్రాల మాట ఎత్తాడని ఇప్పుడు అర్థమవుతోంది. ఈసారి దమ్ము కిరాయి నేను పంపుతాను.

పెన్నాగట్టు:
పంపితే తీసుకుంటాడా? సేద్యం చేసేది ఆయన. డబ్బుకు ముందు ఫోను చేయండి. గోనెపట్టా విప్పి మీరు దాచుకోండి, బండి సంగతి ఆయననే తేల్చుకోనివ్వండి.