మా ఊరి బోర్ల నీటి లెక్క కుర్రాళ్లమే కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పెన్నగట్టు:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో మెట్ట ఊరు. భూమి వెయ్యెకరాలు, జనం 1,500. పదహారు నుంచి ఇరవై మూడేళ్ల వయసు వాళ్లం తొమ్మిది మందిమి ఉన్నాం, అందులో నలుగురు ఆడపిల్లలు. మొక్కలు నాటడం, ప్లాస్టిక్ ఏరడం ఏటా జరుగుతూనే ఉంది. ఈసారి నీళ్ల మీద పని చేద్దామనుకుంటున్నాం. రబీలో ఎన్నెకరాల వరి పెడితే ఎండాకాలానికి తాగునీటి బోరు నిలబడుతుందో ఊరికి లెక్కగా చూపించాలి. చేతిలో ఆరు వేల రూపాయలున్నాయి. ఏం కొనాలి, ఏం కొలవాలి? పెద్దవాళ్లు మా మాట వింటారా?

వానలెక్క:
తమ్ముడూ, ఇది మీతోనే మొదలయ్యే పని కాదు. 2000 తర్వాత అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, రబీకి ముందు పంటల నీటి బడ్జెట్ వేసుకున్న పథకం నడిచింది. మీ పక్క ఊళ్లలో అప్పుడు కొలిచిన రైతులు ఎవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఇంతకన్నా మంచి గురువులు దొరకరు.

కొలవాల్సినవి మూడు. వాన, నీటిమట్టం, బోరు పోసే నీళ్లు. వాన తేలిక కాబట్టి అది చెబుతాను.

మూతి 16 సెంటీమీటర్ల వెడల్పున్న గరాటు, ఐదు లీటర్ల క్యాను, మందుల షాపులో దొరికే కొలజాడీ చాలు. గరాటు మూతి వైశాల్యం 201 చదరపు సెం.మీ. కాబట్టి క్యానులో 20 మి.లీ. చేరితే ఒక మిల్లీమీటరు వాన. గరాటు ఎంతదైనా సూత్రం ఇదే: వైశాల్యాన్ని పదితో భాగిస్తే మిల్లీమీటరుకు ఎన్ని మి.లీ.లో తెలుస్తుంది. మూతి కొలిచేటప్పుడు లోపలి అంచు నుంచి లోపలి అంచుకు కొలవండి. ఇక్కడే చాలామంది తప్పుతారు. ఒక సెంటీమీటరు తేడా వస్తే ఏడాది వాన మొత్తం పన్నెండు శాతం తప్పు పడుతుంది.

క్యాను సగం భూమిలో పాతి, గరాటు అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో, ఎటూ వాలకుండా ఉంచండి. పక్కన చెట్టో గోడో ఉంటే దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరం జరగాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి, ఆ ఉదయం తేదీ మీదే రాయండి. వాన లేని రోజు గడి ఖాళీగా వదలొద్దు, సున్నా వేయండి. ఖాళీ గడి ఉంటే వాన పడలేదో, ఎవరూ చూడలేదో తర్వాత ఎవరికీ తెలియదు.

రాతినేల:
నీటిమట్టం సంగతి నేను చెబుతాను.

ఊళ్లో ఎనిమిది పది బోర్లు చాలు. మిట్ట మీద మూడు, మధ్యలో మూడు, కుంట కింద రెండు మూడు. వాడకుండా వదిలేసినవి దొరికితే అవే మేలు, మోటారు అడ్డం ఉండదు. అయితే వదిలేసిన బోరు పూడిపోయి, చుట్టూ ఉన్న నీళ్లతో సంబంధం తెగిపోయి ఉండొచ్చు. అందుకని మట్టం చూసుకుని శుభ్రమైన నీళ్లు 20 లీటర్లు పోయండి. ఆరున్నర అంగుళాల బోరులో మట్టం దాదాపు 90 సెం.మీ. లేస్తుంది. గంటా రెండు గంటల్లో మళ్లీ పాత మట్టానికి దిగితే ఆ బోరు పనికొస్తుంది. కదలకుండా నిలబడిపోతే అది బోరు కాదు, గొట్టంలో నిలిచిన నీళ్లు. ఆ బోరు వదిలేయండి.

కొలిచే సాధనం ఇంట్లోనే కట్టుకోవచ్చు. వంద మీటర్ల రెండు పోగుల స్పీకరు తీగ, 9 వోల్టుల బ్యాటరీ, చిన్న బజరు తెచ్చుకోండి. తీగ కొసన రెండు పోగులనూ సెంటీమీటరు మేర ఒలిచి, ఒకదానికొకటి తగలకుండా విడదీయాలి. వాటిని అరచేతి పొడవు పీవీసీ గొట్టం ముక్కలో, కింది మూతి తెరిచి ఉండేలా అమర్చి, బరువుకు ఒక బోల్టు కట్టండి. నీళ్లు తగలగానే బజరు మోగుతుంది. మోత నీరసంగా ఉంటే బజరు తీసేసి మల్టీమీటరు పెట్టి చూడండి, ముల్లు కదలడమో అంకె మారడమో స్పష్టంగా తెలుస్తుంది. మీటరుకో రంగు టేపు చుట్టండి, ఐదు మీటర్లకు వేరే రంగు. తీగ సాగుతుంది కాబట్టి మూడు నెలలకోసారి స్టీలు టేపు పక్కన పరిచి గుర్తులు సరిచూడాలి.

ప్రతి బోరుకూ కేసింగు (బోరు నోట్లో దించిన గొట్టం) అంచు మీద ఒకచోట పెయింటుతో గీత పెట్టండి. ఎవరు కొలిచినా ఆ గీత దగ్గరే. కేసింగు నేలపైకి ఎంత ఉందో ఆ కొలత తీసేస్తేనే నేల నుంచి లోతు వస్తుంది. గీత దగ్గర 23.40 మీటర్లు వచ్చి, కేసింగు 60 సెం.మీ. పైకి ఉంటే పుస్తకంలో 22.80 రాయాలి. పదిహేను రోజులకోసారి, అన్ని బోర్లూ ఒకే ఉదయం కొలవండి.

పెన్నగట్టు:
చాలా థాంక్స్ అన్నా. నిన్న తీగ కట్టి మూడు బోర్లు చూశాం. ఒకదాంట్లో 18 మీటర్ల దగ్గర మోగింది, మళ్లీ దింపితే 31 దగ్గర మోగింది. ఏది నమ్మాలి? ఇంకోటి మోటారు ఉన్న బోరు, పొద్దున్న 40, సాయంత్రం 52 చూపించింది.

రాతినేల:
మొదటిదాంట్లో బోరు గోడ నుంచి నీళ్లు ఊరుతున్నాయి. ఆ చుక్క రెండు కొసల మధ్య పడితే నీళ్లు అందినట్టే మోగుతుంది. తీగ పైకి లాగి, కొస దులిపి, గుడ్డతో తుడిచి మళ్లీ దింపండి. అసలు మట్టం దగ్గరైతే మోత తెగదు. ఒక జానెడు పైకెత్తితే ఆగాలి, దింపితే మోగాలి. ఇలా మూడుసార్లు చేస్తే మూడూ రెండు సెంటీమీటర్ల లోపు రావాలి. మీ బోరులో 31 నిజం కావచ్చు, ఈ పద్ధతిలో మళ్లీ చూసి రాయండి.

రెండోదాంట్లో మీరు చూసిన 52 మోటారు లాగేసిన మట్టం. లెక్కకు కావలసింది నిలకడ మట్టం, అంటే కనీసం ఎనిమిది గంటలు మోటారు ఆగాక కొలిచింది. ఆటో స్టార్టరు ఉంటే కరెంటు రాగానే తనంతట తానే తిరుగుతుంది, అందుకే ముందురోజు సాయంత్రమే రైతుకు చెప్పి ఆపించుకోవాలి. స్టార్టరు డబ్బా మీద మీరెవరూ చెయ్యి వేయొద్దు, రైతే ఆపాలి. పక్క చేలో బోరు తిరుగుతుంటే అది కూడా పుస్తకంలో రాయండి.

మోటకవిల:
బోరు ఎంత పోస్తుందో రెండంగుళాలు, అంగుళంన్నర అని చెప్పుకుంటాం గానీ అది లెక్కకు అక్కరకు రాదు. మోటారు వేసిన ఇరవై నిమిషాలకు డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండేదాకా ఫోనులో సెకన్లు చూడండి. మూడుసార్లు చూసి సగటు తీయండి. యాభై సెకన్లకు నిండితే సెకనుకు నాలుగు లీటర్లు. రోజుకు ఏడు గంటల చొప్పున వంద రోజులు నడిస్తే ఆ ఒక్క బోరే కోటి లీటర్లు పోసినట్టు.

గట్టుమీద:
ఇంత కొలతలెందుకు? ప్రతి బోరు పక్కన ఇంకుడుగుంత తవ్వితే సరిపోదా?

వానలెక్క:
ఇంకుడుగుంతలు తవ్వాల్సిందే. కానీ నీళ్ల ఖర్చు కూడా పెరుగుతుంటే గుంత ఎంత నింపినా చాలదు. పెన్నగట్టు ఊరికే వేసి చూద్దాం. ఏడాదికి 550 మి.మీ. వాన పడిందనుకోండి. ఎకరం 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు పడితే లీటరు. మన గ్రానైటు నేలల్లో వానలో భూమిలోకి ఇంకేది 8 నుంచి 11 శాతం. పది శాతం పట్టుకుంటే వెయ్యెకరాలకు సుమారు 22 కోట్ల 26 లక్షల లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున 1,500 మందికి ఏడాది తాగునీరు 3 కోట్లు. మిగిలింది 19 కోట్ల పైచిలుకు. పశువుల నీళ్లు, ఖరీఫ్‌లో బోర్లు పోసింది ఇందులోంచి ఇంకా తీసేయాలి.

వరికి సుమారు 1,200 మి.మీ. నీళ్లు కావాలి, అంటే ఎకరాకు 48 లక్షల 56 వేల లీటర్లు. పై లెక్కన 40 ఎకరాలకు సరిపోదు. వేరుశనగకు 500 మి.మీ. చాలు కాబట్టి అవే నీళ్లతో 95 ఎకరాలు పండుతుంది. మోటకవిల చెప్పినట్టు సెకనుకు నాలుగు లీటర్లు పోసే బోర్లయితే పంతొమ్మిదితోనే మొత్తం అయిపోతుంది. మీ ఊళ్లో బోర్లెన్ని ఉన్నాయో మీకే తెలుసు. మడిలో పెట్టిన నీళ్లలో కొంత తిరిగి కిందికి ఇంకుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. దాన్ని సరిదిద్దేది మీరు పదిహేను రోజులకోసారి రాసే మట్టమే.

గుంతల విషయంలో ఒక హెచ్చరిక. రోడ్డు మీద పారే నీళ్లు, మందు కొట్టిన చేలనీళ్లు బోరులోకి నేరుగా పంపొద్దు. ఊరంతా తాగే నీటిలో కలుస్తాయి.

మోటకవిల:
పెద్దవాళ్లు వింటారా అని అడిగారు కదా. లెక్క అక్టోబరు ఆఖరుకల్లా, విత్తనం కొనకముందే ఊరి ముందు పెట్టండి. నారు పోశాక చెబితే ఎవరూ వినరు, వినలేరు కూడా. గ్రామసభలో ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే కాబట్టి మీలో 18 దాటినవాళ్లు నిలబడి చదవొచ్చు. వరి వేయొద్దని మీ నోటితో చెప్పకండి. మిగిలిన నీళ్లెన్ని, ఏ పంట ఎన్నెకరాలకు వస్తుంది అని రెండు అంకెలు గోడమీద రాసి ఊరుకోండి. మహారాష్ట్రలో హివ్రే బజార్‌లో ఏటా నీటి లెక్క చూసే పంటలు నిర్ణయించుకుంటారు, ఆ నిర్ణయం గ్రామసభదే.

గోడమీద బోరు నంబరు మాత్రమే ఉండాలి, రైతు పేరు వద్దు. ఎవరి బోరు కొలత వాళ్లకు ముందు చెప్పాకే బయట పెట్టండి. ఒక్క రైతు నొచ్చుకుని తాళం వేసుకుంటే మీ పుస్తకంలో ఆ వరస తెగిపోతుంది.

పెన్నగట్టు:
పోయినేటి మట్టం మా దగ్గర లేదు, దేనితో పోల్చాలి? ఇంకోటి, జూన్‌లో ముగ్గురం చదువులకు వెళ్లిపోతాం.

రాతినేల:
పోయిన నెలతో పోల్చొద్దు, పోయినేడు అదే నెలతో పోల్చాలి. మొదటి ఏడాదికి మీకు దగ్గర్లోని భూగర్భ జలశాఖ పరిశీలన బోరు అంకెలు అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద జిల్లా కార్యాలయానికి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

మనుషుల సంగతికొస్తే, బోరుకు ఇద్దరు చొప్పున వేసుకోండి. ఒకరు ఊళ్లోనే ఉండేవారు కావాలి. వానమాపకం బడి ఆవరణలో పెట్టి తొమ్మిదో తరగతి పిల్లలకు అప్పగిస్తే సెలవుల్లో ఎవరు చూస్తారో కూడా ముందే రాసుకోండి. మే, జూన్ వానలు తప్పిపోయేది అందుకే. చిన్నపిల్లల్ని తెరిచి ఉన్న దిగుడుబావి దగ్గరికి పంపొద్దు. వదిలేసిన బోర్లన్నిటికీ ఇనుప మూత వేయించి, తీగ పట్టేంత రంధ్రం మాత్రం పెట్టించండి. ఆరు వేలలో ముందుగా పెట్టాల్సిన ఖర్చు ఆ మూతలదే, మిగతావి తర్వాత కొనొచ్చు.