చర్చ: కొనుగోలు ఆమోదాలను ఫ్లోకు అప్పగించాలా, మనిషి చేతిలోనే ఉంచాలా?

నాచారం_స్టోర్స్:
మా కర్మాగారంలో కొనుగోలు అభ్యర్థనలన్నీ షేర్‌పాయింట్ లిస్టులో, అంటే మైక్రోసాఫ్ట్ వారి ఆన్‌లైన్ పట్టికలో, నమోదవుతాయి. వాటిని మేనేజరుకు పంపే పాత ‘షేర్‌పాయింట్ 2013’ వర్క్‌ఫ్లోకు మైక్రోసాఫ్ట్ 2026 ఏప్రిల్ 2ను చివరి గడువుగా ప్రకటించడంతో, అన్నీ పవర్ ఆటోమేట్‌లోకి, అంటే పనులను తమంతట తామే నడిపే ‘ఫ్లో’లలోకి, మార్చాలని పైవాళ్లు అంటున్నారు. రిజిస్టరు, మెయిలు చాలునని నా వాదన. ప్రయోగంగా పెట్టిన మొదటి ఫ్లోలోనే, మేనేజరు ఆడిట్ పనుల్లో మునిగిపోయి బేరింగుల అభ్యర్థనను నెల దాటినా చూడలేదు. ఫ్లో 30 రోజులకు మించి ఎదురుచూడదు కనుక అది చడీచప్పుడు లేకుండా ఆగిపోయింది. లిస్టులో మాత్రం ‘పరిశీలనలో ఉంది’ అనే మాట అలాగే ఉండిపోయింది. యంత్రం ఆగిన రోజున మాట పడింది నేను.

మాదాపూర్_అడ్మిన్:
నాచారం గారూ, అది ఫ్లో లోపం కాదు, దాన్ని కట్టిన తీరులో లోపం. ఆమోదానికి 25 రోజుల గడువు పెట్టి, అది దాటితే లిస్టులో స్థితిని ‘గడువు ముగిసింది’ అని మార్చాలి. రోజూ ఉదయం నడిచే మరో ఫ్లో, ఆగిన అభ్యర్థనలను ఏరి మేనేజరుకు గుర్తు చేయాలి. మీ రిజిస్టరు ఎవరికైనా ఎప్పుడైనా గుర్తు చేసిందా? నేను చేరేనాటికి మా ఆఫీసులో ఒకే సరఫరాదారు పేరు లిస్టులో అయిదు రకాలుగా ఉండేది. వాటిని సరిచేస్తూ నేను ఎన్ని శనివారాలు పోగొట్టుకున్నానో మీకు తెలియదు.

కోఠి_లెక్కలు:
మా నెలాఖరు ఫ్లో ప్రతిసారీ సరిగ్గా 100 బిల్లులే తెచ్చేది. మిగిలినవి అసలు రాలేదనే మూడు నెలలు నమ్మాం.

మాదాపూర్_అడ్మిన్:
ఫ్లోలో లిస్టును చదివే ‘గెట్ ఐటమ్స్’ అనే మెట్టు మామూలుగా 100 వరుసలే తెస్తుంది. పేజీలవారీగా తెచ్చే ‘పేజినేషన్’ సెట్టింగు ఆన్ చేస్తే మిగిలినవీ వస్తాయి.

నాచారం_స్టోర్స్:
ప్రతి దానికీ ఒక సెట్టింగు ఉందంటారు. ఆ సెట్టింగు తెలిసిన కుర్రవాడు ఉద్యోగం మానేస్తే, అతని ఖాతాతో కలిపిన కనెక్షన్లూ తెగిపోతాయి కదా! మాకు జరిగింది అదే. ఇంతకీ 30 రోజులని ఎవరు నిర్ణయించారు?

ఉప్పల్_ప్రయాణికుడు:
బేరింగులు చివరికి వచ్చాయా?

మాదాపూర్_అడ్మిన్:
ఇంకా ఆ 30 దగ్గరే ఉన్నారు! ఫ్లోకు సహయజమానిని చేర్చి, కనెక్షన్లను ఉమ్మడి సర్వీసు ఖాతాతో పెట్టుకుంటే మనిషి వెళ్లినా పని ఆగదు. నిజం చెప్పాలంటే, మీ భయం ఫ్లో గురించి కాదు, మీ రిజిస్టరు పోతుందని.

నాచారం_స్టోర్స్:
అవును, పోతుందనే. ఏ అభ్యర్థన నాలుగు రోజులు ఆగవచ్చో, దేనికోసం మేనేజరు గది బయట నిలబడి సంతకం పెట్టించుకోవాలో 19 ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి. ఆ నిలబడే పనికి మీ లిస్టులో నిలువు వరుస లేదు. ఆమోదించినవారు మేనేజరు, నడిపింది ఫ్లో. ఆలస్యమైతే పిలిచేది మాత్రం నన్ను.

మాదాపూర్_అడ్మిన్:
నన్నూ పిలుస్తారు. గుర్తుచేసే మెయిళ్లన్నీ నా పేరుతో వెళ్తాయి కనుక, నేను కళ్లతో చూడని బిల్లులకు కూడా నాతోనే పోట్లాడతారు. అందుకే ఏ అభ్యర్థన ఎవరి దగ్గర ఎన్ని రోజులు ఆగిందో రాసి పెట్టమంటున్నాను. ఫ్లో నడిచిన చరిత్ర 28 రోజుల తర్వాత కనిపించదు కాబట్టి, ఆ తేదీలను లిస్టులోనే రాయించాలి.

కోఠి_లెక్కలు:
ఇప్పటికి అసలు విషయానికి వచ్చారు.

నాచారం_స్టోర్స్:
అది రాయిస్తే నాకు ఏ ఫ్లో అయినా సమ్మతమే. కానీ అందులో మొదట కనిపించేది ఆమోదించేవారి పేరే. మీ పైవాళ్లు దానికి ఒప్పుకున్నారా?

మాదాపూర్_అడ్మిన్:
‘ఆగిన రోజులు’ అనే నిలువు వరుస పెట్టాను. రెండు వారాల తర్వాత, అది కనిపించకూడదని మెయిలు వచ్చింది. తెరపై కనిపించే వ్యూలోంచి తీసేశాను. లిస్టులో మాత్రం ఉంది, ఫ్లో రోజూ నింపుతూనే ఉంది.

నాచారం_స్టోర్స్:
ఆ ఫ్లో ఎలా కట్టారో నాకు పంపండి.