మైనంతో చేసిన ఎలక్ట్రెట్ నాలుగు రోజులకే చచ్చిపోయింది. ఎక్కడ తప్పు?

రవి (అంబత్తూర్): అందరికీ నమస్కారం. ఎలక్ట్రెట్ బిళ్ళ చేశాను, అంటే అయస్కాంతంలా విద్యుత్ ప్రభావాన్ని నిలుపుకునే మైనం ముక్క. మొదటి రోజు థర్మోకోల్ గుళికలను లాగేసింది. ఇవాళ ఏమీ లేదు. సాయంత్రం ఐదింటి నుంచి దీనితోనే కూర్చున్నా, ఇప్పుడు పదకొండైంది. మల్టీమీటర్ రెండు వైపులా ఆనిస్తే సున్నా. ఏళ్ళ తరబడి నిలుస్తుందంటారు కదా! పద్ధతంతా సరిగ్గానే చేశాను.

టంకం: ఏ మైనం? ఎన్ని వోల్టులు? మందం ఎంత?

రవి: కార్నౌబా మైనం (ఒక తాటిజాతి చెట్టు ఆకుల గట్టి మైనం), గుగ్గిలం చెరి సగం, కాస్త తేనెమైనం. కరిగించి రెండు లోహపు ప్లేట్ల మధ్య పోశా. గుగ్గిలం చెన్నై ప్యారిస్ కార్నర్‌లో నాట్టు మరుందు (నాటు మందుల) షాపులో కొన్నా. పాత టీవీ ఫ్లైబ్యాక్ (హై వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్) నుంచి ప్లేట్లకు 8 కిలోవోల్టులు. మందం 8 మిల్లీమీటర్లు. పూర్తిగా గట్టిపడేదాకా కరెంటు తీయలేదు.

విజయలక్ష్మి: బాబూ, ముందు ఒక మాట. ఫ్లైబ్యాక్ అంటే ఆట కాదు. స్విచ్ ఆపినా కెపాసిటర్‌లో, పిక్చర్ ట్యూబ్‌లో చార్జ్ నిలిచే ఉంటుంది. పెద్ద రెసిస్టర్ గుండా దించాకే చెయ్యి పెట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు అసలు వద్దు. ఇంట్లో పిల్లలుంటే ఆ బల్ల దగ్గరికి రానివ్వకండి.

సుబ్బారావు: గుగ్గిలం, రోసిన్ ఒకటి కావండీ. ఎలక్ట్రెట్ చేసిన జపాన్ శాస్త్రవేత్త ఎగూచి గారు 1925లో రాసిన పాళ్ళలో ఉన్నది రోసిన్, అంటే పైన్ చెట్టు జిగురు నుంచి టర్పెంటైన్ తీసేశాక మిగిలేది. టంకం వేసేటప్పుడు ఫ్లక్స్‌గా వాడేది అదే. షాపులో గుగ్గిలం అంటే సాల్ జాతి చెట్టు జిగురు ఇస్తారు, తమిళంలో కుంగిలియం. చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో రోసిన్ అనే అడగండి.

టంకం: మా ఊళ్ళో రోసిన్‌నీ గుగ్గిలమనే అంటారు.

సుబ్బారావు: అన్నంత మాత్రాన ఒకటైపోవు.

శ్రీధర్: రవి గారూ, మల్టీమీటర్ పక్కన పెట్టండి. దాని లోపలి నిరోధం 10 మెగోమ్‌లే. ఎలక్ట్రెట్ బ్యాటరీ కాదు, మీటర్ గుండా పారేంత కరెంటు ఇవ్వదు. బీఎఫ్‌డబ్ల్యూ10 లాంటి ఎఫ్ఈటీ తీసుకోండి, గేటు అనే కాలి దగ్గరికి చార్జ్ వస్తే డ్రెయిన్ అనే కాలిలో కరెంటు మారే ట్రాన్సిస్టర్ అది. గేటుకు అంగుళం తీగ వదిలేసి, 9 వోల్ట్ బ్యాటరీతో డ్రెయిన్ కరెంటు చూడండి. తలకు రుద్దిన పీవీసీ పైపు దగ్గరికి తెస్తే కరెంటు పడిపోతుంది, పైపు మీద నెగటివ్ కాబట్టి. ఇప్పుడు మీ బిళ్ళ తెచ్చి పోల్చండి. ప్లస్ ప్లేటు వైపున్న ముఖానికి గుర్తు పెట్టారా? చేశాక బిళ్ళను ఎక్కడ ఉంచారు?

రవి: గుర్తు పెట్టా. కిటికీ పక్కన బల్ల మీద ఉంచా.

శ్రీధర్: మూత లేకుండానా! చెన్నై తేమలో? గాలిలోని అయాన్లు వచ్చి అంటుకుని పైకి ఏమీ కనిపించకుండా చేస్తాయి. అల్యూమినియం ఫాయిల్‌తో రెండు ముఖాలూ కలిసేలా చుట్టాలి.

టంకం: చార్జ్ అనకండి, ధ్రువణం అనాలి, అంటే మైనం లోపలి ప్లస్, మైనస్‌లు చెరో పక్కకు తిరిగి ఉండటం.

శ్రీధర్: రెండూ ఉంటాయి, అసలు సంగతి అక్కడే ఉంది. మొదట ప్లస్ ప్లేటు వైపున్న ముఖం నెగటివ్‌గా కనిపిస్తుంది, అది లోపలి ధ్రువణం వల్ల. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. ప్లేటు నుంచి మైనంలోకి దిగిన చార్జ్ మిగులుతుంది, అది ధ్రువణానికి ఎదురు, అంటే ఆ ముఖం పాజిటివ్ అవుతుంది. మధ్యలో సున్నా దాటాలి. సెంటీమీటరుకు 10 కిలోవోల్టులు ఇచ్చారు కాబట్టి తిరగబడే అవకాశం ఉంది. చచ్చిపోయిందని కరిగించేయకండి, దయచేసి.

విజయలక్ష్మి: రెసిస్టర్ పెట్టారా బాబూ?

రవి: పెట్టానండీ. బిళ్ళ ఫాయిల్‌లో చుట్టేశా.

(ఆరు రోజుల తర్వాత)

రవి: ఇవాళ విప్పి చూశా. ప్లస్ ముఖం దగ్గరికి తెస్తే కరెంటు పైపుకు ఎదురుగా, పైకి కదిలింది. మీటర్ కాస్తే మారింది గానీ మూడుసార్లూ అటే. థ్యాంక్స్ అండీ.

సుబ్బారావు: తర్వాతిది రోసిన్‌తో చేయండి.