సమస్య: “ఆకలైన వేళ నాట మేలు”

నిర్వాహకుడు: పొద్దున కాఫీ తాగుతుంటే తట్టింది ఈ పాదం, నాకే నవ్వొచ్చింది. కాలం 1930ల మాంద్యం, చోటు గోదావరి డెల్టా. వడ్ల ధర సుమారు సగానికి పడిపోయినా సర్కారు శిస్తు మాత్రం నగదుగా కట్టాల్సిందే. ఊరి బయట సురభి నాటకాలవారి డేరా. ఈ పాదంతో ముగిసేలా ఆటవెలది పూరించండి, ఇక మీ ఇష్టం. టాకీ (మాటల సినిమా) పెట్టేవాళ్ళు 1931కి వెనక్కి వెళ్ళకండి. పోయినసారి ఒకరు 1925లోనే తెలుగు టాకీ ఆడించేశారు.

తేటగీతి:

శిస్తు కొఱకుఁ బుస్తె సేటు చెంతకుఁ బోయె
ధాన్య మమ్మ రాదు దమ్మిడైన;
అణను దాచియుంచి యాలితోడ ననియె
“ఆకలైన వేళ నాట మేలు”

పల్నాటి మాష్టారు: తేటగీతి అక్కయ్యా, ఎత్తుగడ బాగుంది. అయితే “ధాన్య మమ్మ రాదు” అంటే వడ్లు అమ్మకూడదని చాటింపు వేసినట్టు వినిపించింది. రెండోసారి చదివితే గానీ ‘అమ్మగా రాదు’ అని తెలియలేదు.

గోదారిగట్టు: మాష్టారికి ఇతరుల పద్యాలు రెండుసార్లు చదివే ఓపిక ఉంది, తమవే ఒకసారి కూడా చదవరు. నాకు నచ్చింది మొదటి రెండు పాదాల పొందిక. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణం (డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి) వదిలేశాక ఇక్కడ రూపాయల్లో బంగారం ధర ఎక్కింది, వడ్ల ధర లేవలేదు. ఇళ్ళల్లో నగలన్నీ కరిగి బొంబాయి రేవులో ఓడలెక్కాయి. సేటుకి పుస్తె కావాలి, వడ్లెవడికీ వద్దు. ఇంత జరిగినా ఆట కోసం అణ దాచాడు చూడండి, మహానుభావుడు!

తేటగీతి: దాచింది ఆలే అని రాద్దామనుకున్నాను. “పతికిఁ జెప్పె” యతికి (పాదం మొదటి అక్షరానికి నడుమ నియమించిన చోటి అక్షరంతో ఉండాల్సిన పొత్తుకి) కుదరలేదు. అలా మగడికి దక్కింది.

పల్నాటి మాష్టారు: ఇదిగో నాది. డేరా అక్కర్లేదు.

ధరలు పడిన నేమి? ధరణి విడువ నౌనె?
నీరు పోయువాఁడె నేలఁ జూచు;
ఆటపాట లేల యారుద్ర కార్తెలో?
ఆకలైన, వేళ నాట మేలు!

ఆకలి అయినా సరే, వేళకి నాటడమే మేలు అని విరుపు.

గోదారిగట్టు: విరుపు అమోఘం. మరి యతో? అక్కయ్య పద్యంలో ఆ నకారం సంధిలో వచ్చింది, లోపల ‘ఆట’ ఉంది కాబట్టి ఆకారానికి ఆకారం చెల్లింది. మీరు ‘నాటు’ క్రియ చేసేసరికి నకారం సొంతమైపోయింది. ‘ఆ’కి ‘నా’ ఎలా చెల్లుతుంది? ప్రాసయతి (ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలపడం) అందామంటే అక్కడ క, ఇక్కడ ట.

పల్నాటి మాష్టారు: పాదం ఇచ్చింది నిర్వాహకులు. వారినే అడగండి.

గోదారిగట్టు: పాదం నిక్షేపంలా ఉంది, విరిచింది మీరు. సంక్రాంతికి మీరిచ్చిన హరిదాసు పద్యంలోనూ ఇదే గొడవ. అప్పుడు “చెవికి చెల్లితే చాలు” అన్నారు.

తేటగీతి: ఆ హరిదాసుని మళ్ళీ లేపకండి బాబూ, ఆ రోజు నలభై వ్యాఖ్యలయ్యాయి. నాట రాగమని విరిచినా ఇదే చిక్కు, నేనొకటి రాసి చెరిపేశాను. మాష్టారూ, మీ ఆరుద్ర కార్తె పాదం మాత్రం నాకిచ్చేయండి. నా డేరా తడిసేది ఆ వానకే.

నిర్వాహకుడు: యతి తప్పింది, పద్యం ఉంచుతున్నాను. అర్థం కోసం.

పల్నాటి మాష్టారు: హరిదాసు పద్యంలో యతి తప్పలేదు. రేపు సాయంత్రానికి రుజువు పెడతాను.