టీ.50లో డ్రైవర్ సీటు మధ్యలో ఎందుకు?

బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్నా అన్నా. కార్ల డిజైనర్ గోర్డన్ ముర్రే తన టీ.50 సూపర్‌కారుకి డ్రైవర్ సీటు నడిమధ్యలో పెట్టి, అంత ఖరీదైన బండికి ఆటోమేటిక్ గేర్లు కూడా ఇవ్వలేదు, ఎందుకలా?

— మధ్యలో కూర్చుంటే రెండు పక్కలా ఒకేలా కనిపిస్తుంది, పెడల్స్ కూడా టైరు అడ్డం లేకుండా కాళ్లకి నేరుగా వస్తాయి. 1992లో మెక్‌లారెన్ ఎఫ్1కీ ఆయన ఇదే చేశాడు.

— గుంటూరు నుంచి. అసలు గొప్పతనం బరువులో ఉంది తమ్ముడూ, వెయ్యి కిలోలు కూడా లేదు! 3.9 లీటర్ల వీ12 (12 సిలిండర్ల ఇంజిన్)కి టర్బో, అంటే గాలిని ఒత్తి లోపలికి నెట్టే పరికరం, లేదు కాబట్టి తొక్కగానే పలుకుతుంది, 12,100 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా లాగుతుంది, అలాంటి ఇంజిన్‌కి గేరు చేత్తో వేసుకోవాల్సిందే, నాకైతే అదే కరెక్ట్.

— వెనక 400 మిల్లీమీటర్ల ఫ్యాన్ సంగతి చెప్పరేంటి? బండి కింద గాలిని అది లాగేస్తుంది, గ్రిప్ పెరుగుతుంది, పెద్ద వింగ్ అక్కర్లేదు.