అప్‌డేట్: ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో ఖాళీ జాగా ‘అన్‌యూజబుల్’ – సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 పక్కన ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) పెడదామని డి డ్రైవ్ కుదించి 60 జీబీ ఖాళీ చేస్తే, ఇన్‌స్టాలర్ దాన్ని ‘అన్‌యూజబుల్’ (వాడడానికి వీల్లేనిది) అంటోందని. నిన్న రాత్రి పనైపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పార్టిషన్లు (డిస్క్‌లోని విభాగాలు) లెక్కపెట్టమన్నవారి మాటే నిజం. నా డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిది, అందులో ప్రైమరీ (ప్రధాన) పార్టిషన్లు నాలుగే పడతాయి. సిస్టమ్ రిజర్వ్‌డ్, సి, డి, రికవరీతో నాలుగూ నిండిపోయాయి. ఇక ఎంత జాగా ఉన్నా ఐదోది కుదరదు. డిలో మా పాప ఫొటోలున్నాయి. అన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కొన్ని తెరిచి చూసుకున్నాకే డి తీసేశాను. ఆ చోటంతా ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల మరిన్ని భాగాలు పట్టేది) చేసి, లోపల లాజికల్‌గా డి, ఉబుంటు, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) పెట్టాను. లినక్స్ లాజికల్ నుంచి కూడా బూట్ అవుతుంది. ఇప్పుడు ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూలో విండోస్, ఉబుంటు రెండూ వస్తున్నాయి.

పెన్‌డ్రైవ్ మళ్ళీ తయారుచేయడం, బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు మార్చడం అని కొందరు చెప్పినవి దీనికి సంబంధం లేనివి. గుంటూరు బ్రాడీపేటలో ఒక షాపులో డిస్కే పోయిందన్నారు, చాలా టెన్షన్ పడ్డాను. డిస్క్ ఆరోగ్యం చూసే స్మార్ట్ టెస్టులో ఏ లోపమూ కనిపించలేదు.

ఒక్క జాగ్రత్త: నాలుగూ నిండి ఉండగా మిగిలిన ఖాళీలో విండోస్ నుంచే కొత్త వాల్యూమ్ (పార్టిషన్) చేయబోతే, డిస్క్‌ను డైనమిక్‌ (విండోస్ సొంత డిస్క్ పద్ధతి)గా మార్చాలా అని అడుగుతుంది. దయచేసి ఒప్పుకోకండి.